మధ్యాహ్నపు ఎండకు తట్టుకునే ఫజ్ పెడల్

ప్రశ్న: మా తాతగారి పాత రేడియోలోంచి తీసిన రెండు ఏసీ128 ట్రాన్సిస్టర్లతో గిటారు స్వరాన్ని గరగరలాడించే ఫజ్ ఫేస్ తరహా పెడల్ తయారు చేసుకున్నాను. మల్టీమీటరు వాటి గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతాయన్న అంకె) 140, 190 అని చూపింది. రాత్రిపూట బాగా మోగుతుంది గానీ, పగలు కాలేజీ వేదిక మీద స్వరం మధ్యమధ్య తెగిపోతున్నది. దుకాణంలో బీసీ547 వేసుకోమంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్. ఎమిటర్, బేస్, కలెక్టర్ అనే దాని మూడు కాళ్ళలో బేస్‌కు కరెంటు ఇవ్వకపోయినా కలెక్టర్ గుండా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది, ఆ లీకేజీ సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది. అంటే 25 డిగ్రీల వద్ద ఉన్న లీకేజీ మన నల్లగొండ జిల్లా మే నెల ఎండలో, 45 డిగ్రీల వద్ద, నాలుగింతలవుతుంది. అప్పుడు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ వోల్టేజీ ఉండవలసిన చోటు నుంచి జరిగిపోయి స్వరం తెగుతుంది. మీ పెడల్‌లో జరుగుతున్నది బహుశా ఇదే.

మల్టీమీటరు చూపిన అంకెలను నమ్మకండి, వాటిలో లీకేజీ కూడా కలిసి ఉంటుంది. ఎమిటర్‌ను 9 వోల్టుల బ్యాటరీ పాజిటివ్‌కు, కలెక్టర్‌ను 2.2 కిలో ఓములు, 270 ఓముల రెసిస్టర్లను వరుసగా కలిపి నెగెటివ్‌కు తగిలించి, బేస్‌ను ఖాళీగా వదిలి, ఆ రెండు రెసిస్టర్ల మీద వోల్టేజీ చూడండి. అది లీకేజీ. తర్వాత బేస్‌ను 2.2 మెగా ఓముల ద్వారా నెగెటివ్‌కు కలిపి మళ్ళీ చూసి, రెండు కొలతల తేడాను వందతో గుణిస్తే అసలు గెయిన్ వస్తుంది. ఉదాహరణకు మొదట 0.4, తర్వాత 1.4 వోల్టులు వస్తే గెయిన్ 140 కాదు, 100 మాత్రమే. కొలిచేటప్పుడు ట్రాన్సిస్టర్‌ను వేళ్ళతో పట్టుకోకండి, ఆ వెచ్చదనానికే అంకె మారిపోతుంది. మొదటి స్థానంలో 70–80, రెండో స్థానంలో 110–130 గెయిన్ ఉన్నవి పెడితే చక్కగా పలుకుతాయి.

వేదిక మీద వాయించేందుకైతే మీ దుకాణంవారు చెప్పిన బీసీ547నే, అంటే సిలికాన్ ట్రాన్సిస్టర్‌నే వేసుకోమంటాను. 1966లో జర్మేనియంతో వచ్చిన ఫజ్ ఫేస్ కూడా తర్వాత బీసీ108 వంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లకు మారింది, కనుక దీన్ని తక్కువగా చూడనక్కరలేదు. బీసీ547లో గెయిన్ 110–220 ఉండే ‘ఏ’ రకాన్ని అడగండి. 420 దాటే ‘సి’ రకంతో స్వరం మరీ పదునెక్కి, రొద పెరుగుతుంది. హైదరాబాదు వెళ్ళే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో నాలుగైదు ఎక్కువే తెచ్చుకుని, తక్కువ గెయిన్ ఉన్నదాన్ని మొదటి స్థానంలో పెట్టండి. సిలికాన్‌లో లీకేజీ లెక్కలోకి రానంత స్వల్పం కాబట్టి ఇక్కడ మల్టీమీటరు చాలు.

అయితే ఏసీ128 పీఎన్‌పీ, బీసీ547 ఎన్‌పీఎన్, అంటే వాటిలో కరెంటు పారే దిశలు ఎదురెదురు. కాబట్టి బ్యాటరీ తీగలనూ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లనూ తిరగేసి కలపాలి, కాళ్ళ వరుసనూ సరిచూసుకోవాలి. రెండో కలెక్టర్ దగ్గరి 8.2 కిలో ఓముల రెసిస్టర్ బదులు 22 కిలో ఓముల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెట్టి, అక్కడ 4.5 వోల్టులు వచ్చేదాకా తిప్పండి. రేడియో స్టేషన్ వినబడితే మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య 47 పికోఫారడ్ల కెపాసిటర్ వేయండి.