కేప్ మేలో డేగల లెక్క: ఒకే పక్షిని రెండుసార్లు రాసుకోకుండా ఎలా?

అక్టోబర్ మొదట్లో, దక్షిణానికి వలస పోయే డేగల్ని చూడ్డానికి అమెరికాలోని కేప్ మే వెళ్తున్నామనీ, డేగలు ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే లెక్క ఎలా తేలుతుందనీ అడిగారు.

చిక్కంతా నీళ్లతోనే. న్యూజెర్సీ దక్షిణ కొసన నేల అయిపోతుంది. ఎదురుగా డెలావేర్ బే (అఖాతం), అవతలి ఒడ్డు దాదాపు 18 కిలోమీటర్లు. నేల మీద లేచినట్టు నీటి మీద వేడిగాలి లేవదు, రెక్కలాడిస్తూనే దాటాలి. అందుకే చాలా డేగలు కొస దాకా వచ్చి, జంకి, వెనక్కి మళ్లుతాయి. కాసేపటికి అదే పక్షి మళ్లీ మన తల మీద!

లైట్‌హౌస్ ఆనవాలుగా ఒక గీత అనుకోండి. దాన్ని దక్షిణంగా దాటితే ఒకటి కలపండి, తిరిగొస్తే ఒకటి తీసెయ్యండి. బే ఒడ్డు వెంట ఉత్తరానికి పోయి, ఇరుకైన చోట దాటేవి ఈ లెక్కలో జారిపోతాయి. జారనివ్వండి, లేనివి రాసుకోవడం కన్నా అదే నయం. రెక్కలో ఈక ఊడిన సందు కనిపిస్తే గుర్తు రాసుకోండి, మళ్లీ వస్తే దొరికిపోతుంది.

గుంపుగా గిరికీలు కొడుతున్నప్పుడు లెక్కపెట్టకండి, తప్పుతుంది. పైకెక్కి, ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ వరసకట్టినప్పుడు క్లిక్కర్ (నొక్కిన ప్రతిసారీ ఒకటి కలిపే చేతి మీటరు) నొక్కండి. క్లిక్కర్ ఎక్కువగా వచ్చే రకానికే, మిగతావాటికి కాగితం మీద గీతలు చాలు.

అక్టోబర్ మొదట్లో ఎక్కువగా తికమక పెట్టేవి షార్ప్-షిన్‌డ్, కూపర్స్ డేగలు. షార్ప్-షిన్‌డ్‌కి తల రెక్కల ముందంచును దాటి బయటికి రానట్టే ఉంటుంది, తోక కొస కత్తిరించినట్టు తిన్నగా ఉంటుంది. కూపర్స్‌కి తల బాగా ముందుకు పొడుచుకొస్తుంది, తోక కొస గుండ్రం, తెల్ల అంచు వెడల్పు. సైజు చూసి తేల్చకండి, ఆకాశంలో పోల్చడానికి పక్కన ఏమీ ఉండదు. తేలకపోతే ‘గుర్తుపట్టని డేగ’ అని రాయండి, అందులో నామోషీ ఏమీ లేదు.

కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) దాటిన మర్నాడు, వాయవ్య గాలి వీచే రోజు చూసుకుని వెళ్లండి. ఆ గాలి పక్షుల్ని తీరానికి నెడుతుంది, అవి సముద్రం మీదికి పోలేక ఒడ్డు వెంట దిగుతాయి. న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి నుంచి రెండు గంటలకు పైగా డ్రైవ్ చేసి దక్షిణ గాలి రోజున వెళ్తే బీచ్ చూసి రావడమే. మబ్బు లేని నీలాకాశం కూడా అంత మంచిది కాదు, ఎత్తున పోయేవి అందులో కలిసిపోతాయి. 8x42 బైనాక్యులర్‌తో దిగంతం నుంచి మొదలుపెట్టి అంచెలంచెలుగా పైకి వెతకండి. మధ్యమధ్యలో నడినెత్తిన కూడా చూడండి, చాలామందికి తప్పిపోయేవి అక్కడే.

గంటకోసారి గాలి దిశ, వేగం, మబ్బు శాతం రాసుకోండి. హాక్‌వాచ్ (వలస డేగల లెక్క) ఫారాల్లో టైం స్టాండర్డ్ టైంలోనే వెయ్యాలి: అక్టోబర్‌లో గడియారం 9 చూపిస్తే అక్కడ 8. కేప్ మేలో డేగల్ని లెక్కించే ప్లాట్‌ఫామ్ మీద 1976 నుంచి ఏటా అధికారిక లెక్క సాగుతోంది. లెక్కించేవాళ్లు క్లిక్కర్ నొక్కుతున్నప్పుడు మాత్రం పలకరించకండి.