జన్యువు సరే, గిన్నెలో దాని ఆనవాలేదీ?

నెల్లూరు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

పాలు తోడుకోవడం వెనుక ఉన్న జన్యుశాస్త్రం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. విషయం మీద నీకు పట్టుంది, చదువుకున్నదేదీ వృథా పోలేదని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. చిక్కల్లా నీ వ్యాసంలో జన్యువులు పేర్లుగా వచ్చి పేర్లుగానే వెళ్లిపోవడం. కావలిలోనో, కోవూరులోనో, సింగరాయకొండలోనో రాత్రి పాలలో తోడు వేసి పడుకునే మనిషి ఆ పేరు చదివి, తన గిన్నెలో అది ఏ పని చేస్తోందో, అది లేకపోతే పొద్దున మూత తీసేసరికి ఏం కనబడుతుందో తెలుసుకోగలగాలి. నీకు చెప్పదలచింది ఇంతే: జన్యువు పేరు రాసిన ప్రతిచోటా పాలలో దాని ఆనవాలు చూపించు. చూపించలేకపోతే ఆ పేరును వ్యాసంలోంచి తీసెయ్యి.

మొదటి పేజీలోనే ఒక పొరపాటు దొర్లింది. పాలను పులియబెట్టే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బాక్టీరియా జన్యుపటం 2001లో పూర్తయిందనీ, పెరుగుకు కావలసిన జన్యువులన్నీ అందులో ఉన్నాయనీ రాశావు. మొదటి మాట నిజం, రెండోది కాదు. ఫ్రాన్సులోని పరిశోధకులు ఆ ఏడాది ప్రచురించింది ఐఎల్ 1403 అనే రకానికి చెందిన జన్యురాశి. దాదాపు 24 లక్షల డీఎన్‌ఏ అక్షరాల పొడవైన ఆ రాశిలో ప్లాస్మిడ్లనే విడి డీఎన్‌ఏ వలయాలు లేవు, ఎందుకంటే అది ప్రయోగశాలలో ప్లాస్మిడ్లన్నీ పోగొట్టుకున్న రకం. పాలలో చురుకుగా పెరిగే లాక్టోకాకస్ రకాల్లో లాక్టోజు అనే పాల చక్కెరను లోపలికి లాగి విరగగొట్టే జన్యువులూ, పాల ప్రొటీనును కోసే జన్యువూ మామూలుగా ఉండేది ఆ ప్లాస్మిడ్ల మీదనే. నువ్వు పాఠకుడికి చూపించిన పటంలో అసలు సరుకే లేదన్నమాట.

ప్లాస్మిడ్ అంటే ఏమిటో చెప్పకుండా దాటేశావు గాని, ఈ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. కణం బతకడానికి తప్పనిసరైన జన్యువులు పెద్ద క్రోమోజోములో ఉంటాయి. దానికి అంటకుండా విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం ప్లాస్మిడ్. ఆస్తి అంతా భోషాణంలో ఉండగా అవ్వ కొంగున ముడివేసుకున్న డబ్బులాంటిది అది: అవసరానికి చేతికందుతుంది, ఏమరుపాటున జారిపోతుంది, ఒక్కోసారి పక్కవాళ్ల చేతికి చేరుతుంది. ఈ పోలిక కావాలంటే వాడుకో, కానీ ఒక్కసారి వాడి వదిలెయ్యి. వ్యాసం పొడుగునా అవ్వను నడిపిస్తే పాఠకుడికి బాక్టీరియా మరుగున పడుతుంది.

ఆ జన్యువులు ప్లాస్మిడ్ మీద ఉన్నాయన్న సంగతి ఎలా తేలిందో చెప్పడానికి మాత్రం ఒక పేజీ ఖర్చుపెట్టినా నష్టం లేదు. జున్ను (చీజ్) తయారీలో వాడే ఈ బాక్టీరియాలో కొన్ని కణాలు ఉన్నట్టుండి లాక్టోజును వాడుకునే శక్తిని పోగొట్టుకోవడమూ, పోయిన శక్తి వాటి సంతానానికి తిరిగి రాకపోవడమూ పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. 1970లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లారీ మెకే, ఆయన సహచరులు ఆక్రిఫ్లావిన్ అనే రంగు పదార్థం సమక్షంలో ఆ కణాలను పెంచితే అలా శక్తి పోగొట్టుకునేవి ఇంకా పెరిగాయి. ఆ తరువాత వాటి డీఎన్‌ఏను వేరుచేసి చూస్తే, శక్తి పోయిన కణాల్లో ప్లాస్మిడ్ కూడా కనబడలేదు. లాక్టోజూ, ఆమ్లం తగిలితే పసుపుగా మారే సూచికా కలిపిన పళ్లెంలో ఈ తేడా కంటికే తెలుస్తుంది. శక్తి ఉన్న కణాల గుంపులు పసుపుగా కనబడితే, పక్కనే అదే వంశంలో శక్తి పోయినవి చిన్నగా, తెల్లగా ఉంటాయి. నువ్వు వర్ణించవలసింది ఆ పళ్లెం. జన్యువు పోవడమనేది అక్కడ రంగుగా కనబడుతోంది.

ఇక జీవక్రియ. ‘మేలు చేసే బాక్టీరియా మన కోసం పాలను పెరుగుగా మారుస్తుంది’ అన్న వాక్యాన్ని కొట్టెయ్యి. అది మన కోసం ఏమీ చేయదు. లాక్టోకాకస్ లాక్టోజుకు ఫాస్ఫేటు తగిలిస్తూనే లోపలికి లాగి, దాన్ని గ్లూకోజుగానూ గాలక్టోజ్ ఫాస్ఫేటుగానూ విరగగొట్టి, రెండింటినీ వేర్వేరు దారుల్లో కాల్చుకుంటుంది. ఒక్కో గ్లూకోజు మీద దానికి మిగిలే లాభం ఏటీపీ అనే శక్తి అణువులు రెండు మాత్రమే, అందుకే అంత చక్కెర తినవలసి వస్తుంది. అలా కాల్చేటప్పుడు ఎన్‌ఏడీ అనే సహాయక అణువు ఎలక్ట్రాన్లతో నిండిపోతుంది. దాన్ని ఖాళీ చేయకపోతే తరువాతి గ్లూకోజు ముందుకు కదలదు. ఆ బరువును, గ్లూకోజు విరిగాక మిగిలే పైరువేటు మీద దించేస్తే వచ్చేదే లాక్టిక్ ఆమ్లం. కణానికి అది బయట పారబోయవలసిన చెత్త, మనకు పులుపు. ఆమ్లం పెరిగేకొద్దీ 6.6 దగ్గర ఉన్న పాల పీహెచ్ దిగుతుంది, కేసీన్ అనే పాల ప్రొటీను రేణువులను పట్టి ఉంచిన కాల్షియం ఫాస్ఫేటు కరిగి బయటికి వస్తుంది, 4.6 దగ్గరికి చేరేసరికి కేసీన్ అల్లుకుపోయి గడ్డకడుతుంది. ఈ వరుసలో ఒక్క మెట్టు కూడా విడిచిపెట్టకు, అలాగని ప్రతి ఎంజైము పేరూ చెప్పాలని పట్టుపట్టకు.

పాలను పులియబెట్టే మరో బాక్టీరియా స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ దారి వేరు కాబట్టి దానికి ఒక పేరా ప్రత్యేకించు. అది లాక్టోజును ఫాస్ఫేటు లేకుండానే లోపలికి తెచ్చుకొని, గ్లూకోజును వాడుకొని, గాలక్టోజును చాలావరకు బయటికి నెట్టేస్తుంది. ఒక గాలక్టోజు బయటికి వెళ్తుంటే ఒక లాక్టోజు లోపలికి వస్తుంది, తలుపు ఒక్కటే. దాని ఆనవాలు కావాలంటే పిజ్జా మీది జున్నులో చూడవచ్చు. మిగిలిపోయిన గాలక్టోజు ఎక్కువగా ఉంటే పొయ్యిలో పెట్టినప్పుడు జున్ను త్వరగా ఎర్రబడి మాడుతుంది. పక్కనే ఉండే బల్గారికస్ అనే లాక్టోబాసిల్లస్ పాల ప్రొటీనును కోసి థర్మోఫిలస్‌కు పెప్టైడ్లనే చిన్న ముక్కలు అందిస్తే, ఇది దానికి ఫార్మిక్ ఆమ్లం ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని స్నేహమని రాశావు, నాకు నచ్చలేదు. రెండింటిలోనూ ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు పాడైపోయిన జన్యువులు చాలా ఉన్నాయి. పాలలో అన్నీ దొరుకుతున్నప్పుడు వాటి అవసరం తీరిపోయింది. స్నేహం అనేకంటే ఇలా చెబితేనే విషయం తెలుస్తుంది.

మన ఎండలను ఎలా వదిలేశావు? లాక్టోకాకస్‌కు 30 డిగ్రీల దగ్గర హాయి, 45 దగ్గర అది పెరగదు. థర్మోఫిలస్‌కు 40 దాటితేనే జోరు. రోహిణి కార్తెలో వంటింటి గట్టు మీద పెట్టిన గిన్నెలోనూ, మార్గశిరపు చలిలో గుడ్డ చుట్టి పెట్టిన గిన్నెలోనూ వేసింది ఒకే ఇంటి తోడైనా, రెండుచోట్లా ఒకే జీవికి పైచేయి దక్కదు. ఈ మాట చెబితే ఉష్ణోగ్రతల పట్టికతో పని ఉండదు.

గడ్డ పెరుగు ఘనతంతా మాత్రం బాక్టీరియాకు కట్టబెట్టకు. ఒంగోలు గిత్తల పేరు ఎంత దూరం వెళ్లినా మన ఇళ్లలో ఎక్కువగా తోడుకునేవి బర్రెపాలే. వాటిలో వెన్నా కేసీనూ రెండూ ఎక్కువ. పిడకల దాలి మీద గంటల తరబడి కాగినప్పుడు పాలలోని ఇతర ప్రొటీన్లు విచ్చుకొని కేసీన్‌కు అంటుకుంటాయి, ఆ అల్లిక నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఈ రెండింటిలోనూ జన్యువుల ప్రమేయం బర్రె వైపు ఉందేమో గాని తోడు వైపు లేదు.

తీగలు సాగే పెరుగును నువ్వు ‘పాడైన పెరుగు’ అని ఒక్క మాటతో తేల్చేశావు. అక్కడ ఆగి చూడు. గరిటె ఎత్తితే జిగురుదారం లాగా వెంట వచ్చే పెరుగు చాలాసార్లు చెడిపోయింది కాదు. లాక్టోకాకస్‌లోని కొన్ని రకాలు చక్కెర అణువులను పొడుగ్గా కూర్చి బయటికి వదులుతాయి, ఆ కూర్పు జన్యువుల గుంపు కూడా ప్లాస్మిడ్ మీదే ఉంటుంది. ఉత్తర ఐరోపా దేశాల్లో ఇలాంటి పెరుగును కోరి చేసుకుంటారు. జిగురుతోపాటు దుర్వాసనో, రంగు తేడానో ఉంటే వేరే జీవులు చేరాయని అనుమానించాలి, ఆ హెచ్చరిక రాయడం మరచిపోవద్దు. కవ్వం ఆడేటప్పుడు వచ్చే వెన్న వాసన కూడా ఇలాంటిదే. పాలలో కొద్దిగా ఉండే సిట్రేటును కొన్ని రకాలు డైఅసిటైల్ అనే వెన్న వాసన పదార్థంగా మారుస్తాయి. సిట్రేటును లోపలికి తెచ్చే తలుపు జన్యువు మళ్లీ ప్లాస్మిడ్ మీదే, అది పులుపు మొదలయ్యాకే జోరందుకుంటుంది. ప్లాస్మిడ్ కథ చెప్పాక ఈ రెండూ చెబితే పాఠకుడు తనంతట తానే కలుపుకుంటాడు.

లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 2020లో విడగొట్టి 23 కొత్త ప్రజాతులను ఏర్పరచిన సంగతికి ఒక వాక్యం చాలు, బల్గారికస్ పాత పేరుతోనే ఉంది. ఆరోగ్య లాభాల పేరా పూర్తిగా తీసెయ్యి. అది వేరే వ్యాసం, దానికి వేరే ఆధారాలు కావాలి.

చివరగా క్రిస్పర్, అంటే వైరస్‌ల నుంచి బాక్టీరియాను కాపాడే డీఎన్‌ఏ వరుస. దాన్ని 2012లో కనుగొన్నారని రాశావు. ఆ డీఎన్‌ఏ పునరుక్తులు 1987లోనే జపానులో, ఈ.కోలై అనే బాక్టీరియాలో కనబడ్డాయి. శాస్త్రవేత్తలు డౌడ్నా, షార్పెంటియే 2012లో చూపింది ఆ వ్యవస్థలోని క్యాస్9 అనే ఎంజైమును కోరిన చోట డీఎన్‌ఏను కోసే కత్తెరగా వాడవచ్చని, 2020 నోబెల్ అందుకు వచ్చింది. నీ వ్యాసానికి కావలసిన సంవత్సరం 2007. వైరస్ దాడికి తట్టుకొని బతికిన థర్మోఫిలస్ కణాలు ఆ వైరస్ డీఎన్‌ఏ ముక్కలను తమ క్రిస్పర్ వరుసలో చేర్చుకుంటాయనీ, ఆ ముక్కే వాటిని కాపాడుతుందనీ డానిస్కో సంస్థలో బారాంగూ, హోర్వాథ్ బృందం ఆ ఏడాది నిరూపించింది. దీని ఆనవాలు ఇంటి గిన్నెలో కాదు, డెయిరీ తొట్టెలో చూపించాలి: ఫేజ్, అంటే బాక్టీరియా మీద దాడిచేసే వైరస్, పడితే వేల లీటర్ల పాలు పులియక అలాగే నిలిచిపోతాయి. ఆ పేరాను అక్కడి నుంచి మొదలుపెట్టి, సంవత్సరాలు దిద్ది పంపు. నెలాఖరులోగా అందితే తరువాతి సంచికకు సంపాదకుడికి నేనే ఇస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు