ఎవరి కోసం రాశావో చెప్పు: ఒక యువ రచయిత్రికి లేఖ

నల్లగొండ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అచ్చంపేట నుంచి నువ్వు బస్సులో పంపిన కట్ట అందింది. అందులో ఐదు రాతప్రతులున్నాయి. పాలమూరు పిల్లలమర్రి మీద ఒక బొమ్మల కథ, పోచంపల్లి చీర మీద ఒకటి, మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీద ఒకటి, ఫ్లోరైడు నీళ్ల మీద ఒక పెద్ద వ్యాసం, నల్లమల చెంచుల మీద ఒక చిన్న పుస్తకం. వాటి మీద పెట్టిన ఉత్తరంలో ‘ఇవి చిన్నలూ పెద్దలూ అందరూ చదవదగినవి’ అని రాశావు. రాతప్రతులు ఇంకా విప్పకముందే ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇన్నేళ్ల నా రాతలో ‘అందరూ’ అనే పాఠకుడు నాకు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఎదురుపడిన వాళ్లు వేరు. అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కునే రెండో తరగతి పిల్ల, ప్రతి వాక్యానికీ ‘నిజంగనేనా సార్’ అని అడిగే ఏడో తరగతి పిల్లవాడు, బోరు నీళ్లు తాగవచ్చా లేదా అన్న ఒక్క సంగతి తేలితే చాలనుకునే రైతు. వీళ్లలో ఎవరి ముందు కూర్చుని రాశావో నీ రాతప్రతుల్లో నాకు కనపడలేదు.

చీర రాతప్రతితోనే మొదలుపెడతాను. ఐదింటిలో నాకు బాగా నచ్చిన విషయమూ అందులోనే ఉంది, నువ్వు ఎక్కువగా పాడుచేసిందీ దాన్నే. నేసిన బట్ట మీద అద్దకం వేయడం కాకుండా, నూలుకే ముందు ముడులు కట్టి రంగుల్లో ముంచి, ఆ రంగులు మగ్గం మీద ఒకదానికొకటి కలిసి పువ్వుగానో ఏనుగుగానో తేలేటట్టు నేయడమే పోచంపల్లి పనితనమని చక్కగా చెప్పావు. ఆ ముడులు కట్టడానికి ముందు పేక నూలును, అంటే అడ్డంగా నేసే దారాన్ని, ఆసు పోయాలి. ఒక కొసన ఉన్న మేకు నుంచి ఎదుట అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల వరుసకు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇదంతా నీ మూడో పేజీలో ఒకే పేరాలో ఉంది. దాని పక్కనే 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందనే ముద్ర), ఆ కిందనే చేనేతను పోలిన డిజైన్లతో మిల్లులో అచ్చు వేసిన చీరల పోటీ, చివరన ‘పిల్లలూ, మీరు కూడా చేనేతను ఆదరించండి’ అని ఒక పిలుపు ఉన్నాయి. ఏడేళ్ల పిల్ల ఏ పైసలతో చేనేతను ఆదరిస్తుందమ్మా?

ఆ ఒక్క పేరాలో మూడు పుస్తకాలున్నాయి. మొదటిది ఏడేళ్ల పిల్లకు. అందులో మాటలు చాలా తక్కువ. ‘అమ్మ చేయి పైకి పోయింది. అమ్మ చేయి కిందికి వచ్చింది.’ తరువాతి పేజీలో మళ్లీ అదే. ఆ తరువాతి పేజీలోనూ అదే. బొమ్మలో మాత్రం కిటికీలోని పొద్దు జరుగుతుంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది, బడికి పోయిన పిల్ల తిరిగి వస్తుంది. అమ్మ చేయి మాత్రం ఆడుతూనే ఉంటుంది. తొమ్మిది వేలు అనే అంకె ఆ పిల్లకు అర్థం కాదు. పొద్దు గుంకినా పని తీరలేదన్నది అర్థమవుతుంది. రెండోది పదకొండేళ్ల పిల్లవాడికి. వాడికి మేకుల వరుస బొమ్మ గీసి చూపించు, ఏ దారం ఏ మేకు చుట్టూ తిరుగుతుందో చెప్పు, వంద సార్లు చేయి ఆడించి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూడమను, ఆ లెక్కన 9,000 సార్లకు ఎంతసేపు పడుతుందో వాడినే కట్టనివ్వు. మల్లేశం యంత్రం కథ వాడిదే, ఎందుకంటే యంత్రం ఎలా పనిచేస్తుందని అడిగే వయసు అది. మూడోది పెద్దలకు. మగ్గం మీద కూర్చున్నవాడిని నేతగాడని పిలిచి, ఆసు పోసిన ఆడమనిషి పనిని ఇంటి పనిలో కలిపేసిన లెక్క ఎక్కడిదో, గుర్తింపు వచ్చిన తరువాత కూలి ఎంత మారిందో, నలుగురైదుగురి ఇళ్లకు పోయి అడిగి రాయవలసిన పుస్తకం అది. నీ నోట్సు చూస్తే దానికి కావలసిన సామగ్రి ఇంకా నీ దగ్గర లేదు. కనుక ప్రస్తుతానికి మొదటిది రాయి.

చిన్నపిల్లల పుస్తకంలో మాట తగ్గించడమంటే పిల్లల గొంతు అనుకరించడం కాదు. నీ పిల్లలమర్రి కథలో చెట్టు ‘నేను మీ తాతయ్యను పిల్లలూ’ అని నాలుగు పేజీలు ఉపన్యసించింది. మహబూబ్‌నగర్ మర్రి వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు, అది ఎకరాల మేర పరుచుకుంది. 2017 డిసెంబరులో దాని కొమ్మ ఒకటి విరిగి పడింది. చెదలు తొలిచేస్తున్నాయని తెలిసి, 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, సూదులతో చెట్టు లోపలికి మందు ఎక్కించారు. చెట్టుకు సెలైన్! ఇంతకంటే పిల్లలకు ఏం కావాలి? ఆ ఒక్క సంగతి నువ్వు చివరి పేజీలో ‘ప్రభుత్వ చర్యలు’ అనే శీర్షిక కింద దాచిపెట్టావు. దాన్ని మొదటి పేజీకి తెచ్చి, మాట్లాడే చెట్టును తీసేయి.

ఇక అక్షరాల సంగతి. నువ్వు బడిలో పాఠం చెప్పేదానివి కనుక ఇది నాకంటే నీకే బాగా తెలియాలి, అయినా రాతలో మరిచిపోయావు. తెలుగులో కొత్తగా చదవడం నేర్చుకునే పిల్లకు గుణింతం ఒక మెట్టు, ఒత్తు ఇంకొక మెట్టు, సంయుక్తాక్షరం ఆ పైమెట్టు. ఒత్తులు లేకుండా రాద్దామంటే అమ్మ, అక్క, అన్న, చెట్టు, పిట్ట, బువ్వ అన్నీ పోతాయి, అంటే ఆ పిల్ల లోకమే పోతుంది. కనుక నోట్లో ఆడే ఒత్తు పదాలు ఉండనివ్వు, నోట్లో ఆడని సంస్కృత సమాసాలు తీసేయి. ‘వృక్షచ్ఛాయ’ అని రాశావు. ‘చెట్టు నీడ’ అనడానికి ఏం అడ్డం వచ్చింది?

దానికి తోడు మన మాటల గొడవ ఉంది. నీ కథలో గేదె ఉంది, చొక్కా ఉంది, మొక్కజొన్న ఉంది. మీ బడి పిల్లల ఇళ్లలో బర్రె ఉంటుంది, అంగి ఉంటుంది, మక్కలు ఉంటాయి. మాటలకు మర్యాదా తక్కువతనమూ ఉంటాయని ఏ పంతులు చెప్పాడో తెలియదు గాని, మా తరమంతా బర్రెను పాలు పిండి గేదె మీద వ్యాసం రాసింది. మొదటి పుస్తకాల్లో బర్రె అనే రాయి. పదేళ్లు దాటిన పిల్లల పుస్తకంలో రెండు మాటలూ వాడవచ్చు, ఎందుకంటే వాళ్లు రేపు గుంటూరు వాళ్లు రాసిన పుస్తకమూ చదవాలి. పెద్దల వ్యాసంలో మాత్రం యాసను అలంకారంగా చల్లకు. అక్కడ మనిషి మాట్లాడితే ఆ మనిషి మాట పెట్టు, నువ్వు మాట్లాడితే నీ మాట పెట్టు.

బొమ్మల పుస్తకానికి పేజీల లెక్క కూడా కథలో భాగమే. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచి కోస్తారు కనుక పుస్తకం 16, 24, 32 పేజీలుగా వస్తుంది. నీ కథ ఇరవై ఏడు పేజీల దగ్గర ముగిసింది, మిగిలినవి ఏం చేస్తావు? ఇంకొక మాట. ‘ఎర్ర అంగి తొడుక్కున్న పిల్లవాడు నీలం తలుపు పక్కన నిలబడ్డాడు’ అని రాస్తే బొమ్మ గీసేవాడికి పని మిగలదు. బొమ్మలో కనపడేది వాక్యంలో వద్దు.

ఫ్లోరైడు వ్యాసం దగ్గర కొంచెం ఎక్కువ సేపు కూర్చున్నాను, అందుకు కారణం నీ రాత కాదు, నా పాత తప్పు. ముప్పై ఏళ్ల కింద మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో పంచడానికి ఒక చిన్న పుస్తకం రాశాను. ఆరోగ్య సూత్రాలు ఎక్కడో చూసి, ‘నీళ్లు కాచి చల్లార్చి తాగండి’ అని అందులో చేర్చాను. అతిసారానికి ఆ సలహా సరిపోతుంది. ఫ్లోరైడు కాచితే పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. ఐదు వందల ప్రతులు పంచిన తరువాత ఒక హైస్కూలు సైన్సు సారు నన్ను పక్కకు పిలిచి, ఎవరూ వినకుండా ఈ సంగతి చెప్పాడు. దొరికిన ప్రతులన్నిటిలో ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టివేస్తూ నెల రోజులు తిరిగాను. దొరకని ప్రతులు ఎవరి ఇంట్లో ఉన్నాయో, ఎవరు నా మాట నమ్మి కట్టెలు తగలబెట్టి ఆ నీళ్లు కాచుకున్నారో ఇప్పటికీ తెలియదు.

నీ వ్యాసంలో అటువంటి తప్పు లేదు. భూగర్భంలోని గ్రానైటు రాళ్ల నుంచి ఫ్లోరైడు నీటిలో కరుగుతుందనీ, తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారనీ సరిగానే రాశావు. పటికా సున్నమూ కలిపి తేర్చే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిందనీ, దానికి ప్రపంచమంతటా మన ఊరి పేరుతో ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరు నిలిచిందనీ చెప్పావు. ఒక ఊరి పేరు రోగంతోనూ విరుగుడుతోనూ ముడిపడడం చదువుకున్న పెద్దలకు నచ్చే సంగతి. రైతుకు మాత్రం అది పనికిరాదు. కృష్ణా నీళ్లు నల్లాకు వస్తున్నా పొలం దగ్గర దాహమేస్తే బోరు నీళ్లే తాగుతాడు కదా, అవి తాగవచ్చా, ఎక్కడ పరీక్ష చేయించాలి అన్నదే అతని ప్రశ్న. దానికి జవాబు నీ పన్నెండో పేజీలో ఉంది. మొదటి పేజీకి తే. పెద్ద అక్షరాలతో నాలుగు పేజీలకు మించని ప్రతి ఒకటి రైతుకు వేరుగా తయారుచేయి.

ఛాయా సోమేశ్వరాలయం మీద రాసినదాంట్లో ‘శాస్త్రవేత్తలకే అంతుచిక్కని అద్భుతం’ అన్న మొదటి వాక్యాన్ని కొట్టేశాను. పొద్దు ఎటు జరిగినా నీడ లింగం మీద నుంచి కదలదు, నిజమే. అక్కడ పిల్లవాడి తల పనిచేయడం మొదలవుతుంది, నువ్వేమో అక్కడే తలుపు మూశావు. వెలుతురు గర్భగుడిలోకి ఏ దిక్కుల నుంచి వస్తోంది, దారిలో ఎన్ని స్తంభాలున్నాయి అని అడుగు. అగ్గిపెట్టె, రెండు కొవ్వొత్తులు, ఒక పెన్సిలుతో ఇంట్లోనే నీడలు వేసి చూడమను. భక్తికి దానివల్ల వచ్చే లోటేమీ లేదు.

చెంచుల పుస్తకంలో ‘నాగరికత సోకని అమాయకులు’ అన్న మాట మూడు చోట్ల ఉంది. అమ్రాబాద్ దిక్కు నీ తరగతి గదిలోనే చెంచు పిల్లలు కూర్చుంటారు కదా. ఆ పుస్తకాన్ని వాళ్లలో ఒకరి చేతికిచ్చి, పైకి చదవమని చెప్పి, ఆ వాక్యం వచ్చినప్పుడు నువ్వు ఎటు చూస్తావో ఆలోచించు. ఈ ఒక్క రాతప్రతిని మాత్రం మొదటి నుంచి మళ్లీ రాయాలి.

‘ఆధారాలు ఎక్కడ వెతకాలి, మన దిక్కు గురించి రాసినవే తక్కువ కదా’ అని కూడా అడిగావు. నీ పాలమూరు మట్టిలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతి గుర్తు చేస్తాను. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, ఆయన తిట్టుకు తిట్టు జవాబు ఇవ్వలేదు. 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో సంచికగా అచ్చువేశారు. తరువాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసినప్పుడు, రాజుల శాసనాల్లో దొరకని తిండినీ బట్టనూ ఆటలనూ కావ్యాల్లో వెతికి పట్టుకున్నారు. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి సాహిత్య అకాడెమీ పురస్కారం ఆ పుస్తకానిదే. అది కథ కాదు, కావ్యమూ కాదు. దాన్ని తెచ్చుకుని, వరుసగా కాకపోయినా నీకు కావలసిన చోటల్లా తెరిచి, ఆయన ఒక చిన్న వంటకం పేరుకు ఎన్ని పద్యాలు సాక్ష్యం పెట్టారో చూడు. మీ ఊళ్లో ఆసు పోసే ముసలమ్మ లేకపోతే పోచంపల్లికి బస్సు ఉంది. జిల్లా గ్రంథాలయంలో పాత గెజిటీర్లు, అంటే జిల్లా వివరాలు కూర్చిన సర్కారు పుస్తకాలు, అడిగితే, బీరువా తాళం దొరికిన రోజున, ఇస్తారు.

నాలుగు రాతప్రతులు ఎర్ర సిరా గీతలతో తిరిగి పంపుతున్నాను. చీర కథను మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. మొన్న రాత్రి నా మనుమరాలికి అందులోని ఆసు పేరాను, నేను పైన చెప్పినట్టు విడగొట్టి, పైకి కిందికి అని చేయి ఆడిస్తూ చదివి వినిపించాను. నాలుగోసారికి అది నా చేయి పట్టుకుని ఆపి, ‘అమ్మమ్మ చేయి నొప్పి పుడ్తలేదా తాతా, ఎవరూ పట్టరా?’ అని అడిగింది. కథలో అమ్మ ఉంది గాని, దాని లెక్కలో చేయి నొప్పి అమ్మమ్మకే ఉంటుంది. నీ రాతప్రతిలో ఆ ప్రశ్నకు ఎక్కడా చోటు లేదు. తొమ్మిదో పేజీ ఖాళీగా పెట్టుకుని, ఆ రాత్రి ఆ చేయి ఎవరు పట్టారో రాసి పంపు.

ఆశీస్సులతో.