పూతరేకు పొడి

చిరంజీవి అమ్మాయికి,

కథ అందింది. రెండుసార్లు చదివాను. అమలాపురం సభకొచ్చిన ఆ హీరోకి "తేజస్సు" మూడుచోట్ల తగిలించావు. మనిషి ఎలా ఉన్నాడో మాత్రం ఒక్కచోటా తెలియలేదు. కథతోపాటు పెట్టిన ఉత్తరంలో చూడు: ఆత్రేయపురం పూతరేకు కొరగ్గానే పంచదార పొడి ఆయన నల్లచొక్కా మీద రాలిందనీ, చుట్టూ పాతికమంది ఉన్నా చెప్పడానికి ఒక్కరికీ నోరు పెగల్లేదనీ రాశావు. అది కథలోకి ఎందుకు రాలేదే పిచ్చిపిల్లా?

నిన్నని ఏం లాభంలే, నాదీ అదే జబ్బు. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చాక రాజమండ్రి వాళ్లకి కొవ్వూరు కూతవేటు దూరమైపోయింది. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదారి గట్టున నిద్రగన్నేరు కింద షూటింగంటే కాలేజీ ఎగ్గొట్టి బస్సెక్కేశాను. ఆ రాత్రి డైరీలో నాలుగు పేజీలు నింపాను. ఇరవయ్యేళ్లకి కథ రాద్దామని తీస్తే నాలుగు పేజీలూ "అబ్బ!"లే. హీరో కాళ్లకి చెప్పులున్నాయో లేదో కూడా లేదు.

గుర్తున్నదల్లా ఆవునిచ్చిన ముసలాయన. హీరో పక్కన నిలబెట్టడానికి ఆయన ఆవుని అడిగి తెచ్చారు. టేకు మీద టేకు. పొద్దు వాలిపోతోంది. ఈయన తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, మైకు పట్టుకున్నాయన దగ్గరికెళ్లి, "పాలు తీసే వేళయిపోయిందండి. ఇంటికాడ దూడ అరుత్తా ఉంటాదండి. తోలుకుపోతానండాయ్" అన్నాడు. హీరో నవ్వి, పలుపు తనే అందించాడు. మేమంతా హీరో చెయ్యి చూశాం. ముసలాయన పలుపు చూసుకున్నాడు.

ఆ చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. వెళ్లి చూశాను. ఆవుని ఏ పక్క కట్టారో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

అలాగని మోజు లేనట్టు నటించకు. పేరున్నవాళ్లని వెక్కిరిస్తూ రాసేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లూ చూసేది అటే, కాకపోతే ఓరకంట. నీ చెయ్యి వణికితే వణికిందని రాయి.

ఇక ముందుమాట. ఆ పెద్దాయనని అడిగిపెట్టమన్నావు. అడగను. నా మొదటి పుస్తకానికి ఒక ప్రముఖుడి ముందుమాట కోసం పద్నాలుగు నెలలు తిరిగాను. వచ్చిన పేజీన్నరలో నా కథ ఒక్కదాని పేరు కూడా లేదు.

తిరగరాసి పంపు. ఇంతకీ ఆ పొడి ఎవరు దులిపారు? నువ్వేనా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు