సెలవు అందరిదీ, శ్రమ ఒక్కరిదా?

సంవత్సరాంతపు సెలవుల గురించి, కొత్త సంవత్సరం గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం.

ప్రశ్న: ఏటా డిసెంబరు చివర మా పిల్లల కుటుంబాలు, మావారి అన్నదమ్ములు అందరూ మా ఇంటికే వస్తారు. ఇల్లు నిండుగా ఉంటే నాకూ సంతోషమే. అయితే వాళ్లు వెళ్లిన మర్నాడు మంచం దిగే ఓపిక ఉండదు. మావారు ఏది చెప్తే అది చేస్తారు. అయినా నాకు భారం తగ్గినట్టు అనిపించదు. ఆ మాట అంటే, “సగం పని నేనే చేశాను కదా” అని నొచ్చుకుంటారు. లోపం నా ఆలోచనలోనే ఉందా?

జవాబు: లేదు. “ఏది చెప్తే అది చేస్తారు” అన్నారు చూశారా, మీ అలసటకు మూలం ఆ మాటలోనే ఉంది. ఎవరు ఏ రోజున దిగుతారు, ఎవరికి ఏ గది ఇవ్వాలి, ఎవరి మందులు ఏ వేళకు గుర్తు చేయాలి, కిందటేడు మాటా మాటా అనుకున్న ఇద్దరినీ ఈసారి ఎలా కలపాలి అని వారాల తరబడి తలలో మోస్తూ ఉండడం కూడా పనే. గిన్నెలు తోమడం నలుగురికీ కనిపిస్తుంది గాని ఇది కనిపించదు, కనిపించనిదాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

బంధుత్వాలు వాటంతట అవే నిలబడవని, వాటిని నిలబెట్టే మనిషి ఒకరు ప్రతి కుటుంబంలోనూ ఉంటారని అనిపించడం సహజమే. కెనడా సామాజిక శాస్త్రవేత్త కరొలిన్ రోజెంతాల్ దీనిని 1985లోనే పరిశోధించి, ఆ బాధ్యత ఎక్కువగా స్త్రీల మీదే ఉందని చూపారు. రెండేళ్ల తర్వాత అమెరికన్ మానవ శాస్త్రవేత్త మికేలా డి లియోనార్డో మరో అడుగు వేసి, పండుగ కలయికలు, శుభాకాంక్షల ఉత్తరాలు, ఫోను పలకరింపులు, రాకపోకలు అన్నింటినీ ఇంటి పనితోను, ఉద్యోగంతోను సమానంగా శ్రమ కిందనే లెక్కించాలని వాదించారు.

అలాగని మీవారు అబద్ధం చెబుతున్నారని అనుకోకండి. 1979లో మైకేల్ రాస్, ఫియోరే సికోలీ అనే పరిశోధకులు 37 జంటలకు 20 పనుల జాబితా ఇచ్చి, ఒక్కొక్క పనిలో మీ వాటా ఎంత అని భార్యాభర్తలను విడివిడిగా అడిగారు. ఇద్దరి వాటాలూ కలిపితే ఎక్కువ జంటలలో మొత్తం నూరు శాతం దాటింది. పొగడ్త తెచ్చే పనులకే కాక, పోట్లాట మొదలుపెట్టడం లాంటి వాటికి కూడా తమ వాటాను ఎక్కువగానే చెప్పుకొన్నారు. ఎవరి పని వారికి తేలికగా గుర్తుకు రావడమే ఇందుకు ముఖ్య కారణం. కాబట్టి “సగం ఎవరు చేశారు” అన్న వాదం ఈ జన్మకు తేలదు, దానిని వదిలేయడమే మేలు.

దానికి బదులు, పనులను కాకుండా వ్యవహారాలను పంచండి. వచ్చేవారి ప్రయాణాలనే తీసుకోండి. తేదీలు కనుక్కోవడం, ఎదురు వెళ్లి తీసుకురావడం, తిరిగి సాగనంపడం వరకు మొత్తం ఆయనదే కావాలి. మధ్యలో మీరు గుర్తు చేయకూడదు, ఆయన మిమ్మల్ని అడగకూడదు. మీరు చేసే తీరులో ఆయన చేయకపోవచ్చు, ఒకటి రెండు తప్పులు దొర్లవచ్చు. వాటిని చూస్తూ ఊరుకోవడమే ఈ పద్ధతిలో అన్నిటికంటె కష్టమైన భాగమని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకసారి మీరు సరిదిద్దారంటే ఆ వ్యవహారం మళ్లీ మీ చేతికే వచ్చేస్తుంది. ఈ మాట డిసెంబరు మొదట్లో, ఇద్దరూ తీరికగా ఉన్నప్పుడు కదపండి. బంధువులు వెళ్లిన రాత్రి మాట్లాడితే అది ఫిర్యాదుగానే వినిపిస్తుంది. అన్నట్టు, ప్రతి ఏడూ మీ ఇంట్లోనే కలవాలని ఎవరు నిర్ణయించారు? అడిగి చూడండి, ఎవరూ నిర్ణయించలేదని తేలవచ్చు.

ప్రశ్న: సెలవులకు వచ్చిన మనవలు రోజంతా ఫోన్లలోనే ఉంటారు. మా కాలపు సంగతులు చెప్పబోతే రెండు నిమిషాలకే లేచిపోతారు. ఈ తరానికి కుటుంబ చరిత్ర అక్కర్లేదా?

జవాబు: అక్కర ఉందనే చెప్పాలి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్తలు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ పిల్లల కోసం 20 ప్రశ్నలు తయారు చేశారు. మీ తల్లిదండ్రులు ఎలా కలుసుకున్నారు, తాతలు ఎక్కడ పెరిగారు వంటి ప్రశ్నలవి. వీటిలో ఎక్కువ వాటికి జవాబులు తెలిసిన పిల్లలలో ఆత్మగౌరవం, తమ జీవితం తమ అదుపులో ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. అయితే ఆ జవాబులను బట్టీ పట్టిస్తే ఫలితం ఉండదు. ఇంట్లో పెద్దలూ పిన్నలూ కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఉండడమే అసలు సంగతి, ప్రశ్నలు దానికి గుర్తు మాత్రమే.

ఇక చెప్పే తీరు చూద్దాం. “మా రోజుల్లో” అని మొదలైన కథ ఉపన్యాసంగా మారుతుందని పిల్లలు ముందే పసిగడతారు. మీ అబ్బాయి చిన్నప్పుడు చేసిన దొంగ పని ఏదైనా ఎత్తుకోండి, ఫోన్లు వాటంతట అవే పక్కకు పోతాయి. మీరు గెలిచిన సందర్భాలతో పాటు ఓడిపోయినవి, భయపడినవి కూడా చెప్పండి. కూర్చోబెట్టి చెప్పకుండా, ఏదో పనిలో పక్కన ఉన్నప్పుడు చెబితే ఇంకా బాగా వింటారు.

ప్రశ్న: ఈ సంవత్సరం మా అమ్మ పోయింది. సెలవులకు అందరినీ కూడగట్టేది ఆమే. ఈసారి కలవవద్దని అన్నయ్య అంటున్నాడు. అమ్మ చేసినట్టే అంతా జరగాలని అక్క పట్టుబడుతోంది. నేనేం చేయాలో తోచడం లేదు.

జవాబు: ఇద్దరి మాటల్లోనూ ఉన్నది దుఃఖమే కనుక, ఎవరిది సరి అని తీర్పు చెప్పే పనికి మీరు పూనుకోకండి. కలయికను చిన్నది చేయండి. అమ్మ చేసే వాటిలో అందరికీ ప్రియమైనది ఏదో ఒక్కటి ఉంచి మిగిలినవి ఈ ఏటికి మానేయండి. మధ్యలో లేచి వెళ్లాలనుకునేవారిని వెళ్లనివ్వండి. పిల్లలు నవ్వితే అది తప్పని ఎవరూ కళ్లతో కూడా చెప్పకూడదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అమ్మతో పాటు ఆమె చేసిన పని కూడా ఆగిపోయింది. అత్తయ్యలకు, పిన్నులకు ఫోన్లు చేసి ఒకరి సంగతులు ఒకరికి చేరవేసింది ఆమే అయి ఉంటుంది. మొదటి జవాబులో పేర్కొన్న రోజెంతాల్ పరిశోధనలో, తల్లి తర్వాత ఈ బాధ్యత కూతురి చేతికి రావడం కనిపించింది. మీ ఇంట్లో అది చెప్పాపెట్టకుండా అక్క మీద పడకముందే ముగ్గురూ కూర్చుని, ఎవరు ఏ బంధువుల యోగక్షేమాలు కనుక్కోవాలో పేరుపేరునా పంచుకోండి. కలవవద్దన్న అన్నయ్య కూడా ఈ పనికి ఒప్పుకోవచ్చు.

ప్రశ్న: కొత్త సంవత్సరానికి ఇంటిల్లిపాదీ తీర్మానాలు రాసుకోవడం మా అలవాటు. జనవరి 1కి ఏ ప్రత్యేకతా లేదని, అదంతా నటన అని మా అబ్బాయి వెక్కిరిస్తున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: తేదీ విషయంలో అతడిదే న్యాయం. రోమ్‌లో క్రీ.పూ. 153 నుంచి కాన్సుల్ అనే అత్యున్నత పాలనాధికారి పదవిలోకి వచ్చేవారు ఆ రోజున బాధ్యతలు స్వీకరించేవారు. క్రీ.పూ. 45లో అమలులోకి వచ్చిన జూలియస్ సీజర్ పంచాంగం కూడా ఆ రోజుతోనే మొదలైంది. ఇంగ్లండ్‌లో మాత్రం 1752కు ముందు అధికారికంగా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. దానిని జనవరి 1కి మార్చడం కోసం అక్కడ 1751వ సంవత్సరాన్ని 282 రోజులకే ముగించవలసి వచ్చింది. అంటే ఈ తేదీ మనుషులు పెట్టుకున్నదే.

తీర్మానాలన్నీ నటన అనడం మాత్రం పొరపాటు. అమెరికాలో మనస్తత్వవేత్త జాన్ నార్‌క్రాస్ బృందం 1980లలో జరిపిన అధ్యయనంలో మొదటి వారం తర్వాత 77 శాతం మంది, రెండేళ్ల తర్వాత 19 శాతం మంది మాట మీద నిలిచారు. ఒక అలవాటు స్థిరపడడానికి పట్టే కాలాన్ని లండన్‌లో పరిశోధకురాలు ఫిలిపా లాలీ 96 మందిలో పరిశీలించగా, అది మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల వరకు ఉంటుందని అంచనాకు వచ్చింది. మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులో తేలింది. కనుక మీ కాగితాన్ని వచ్చే డిసెంబరు దాకా దాచకుండా, మార్చి మొదటి వారంలో ఒకసారి తీసి చూసుకోండి. ఒకరి తీర్మానం మరొకరు రాయకూడదన్న నియమం కూడా పెట్టండి. మీ అబ్బాయి వెక్కిరింతకు కారణం, అతడి వంతు తీర్మానాలు ప్రతి ఏడూ మీరే రాస్తుండడం కావచ్చు.