టెక్ సందేహాలు: ప్లగ్గు నూనెతో తడిస్తే ఇంజిన్ బోర్‌కి వచ్చినట్టేనా?

ప్రశ్న: మా దగ్గర 1999 మారుతి 800 ఉంది, కార్బురేటర్ మోడల్. నాన్నగారు కొన్న కారు, అమ్మబుద్ధి కావడం లేదు. రెండు నెలలుగా పొద్దున స్టార్ట్ చేయగానే మిస్సింగ్ కొడుతోంది, పొగ వస్తోంది. కాసేపటికి అదే సర్దుకుంటుంది. మెకానిక్ ప్లగ్గులు తీసి చూపించాడు. మూడింట్లో మధ్యది నల్లగా, నూనెలో ముంచినట్టు ఉంది. కొత్తవి వేయిస్తే మూడు వారాలకే మళ్లీ అదే కథ. ‘రింగులు పోయాయి, ఇంజిన్ దింపి బోర్ చేయించాలి’ అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంజిన్ విప్పాల్సిందేనా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: తొందరపడి ఇంజిన్ దింపించకండి. మీ మెకానిక్ మాట నిజం కావచ్చు. కానీ మీరు రాసినదాంట్లో రెండు విషయాలు చూస్తే నాకు రింగుల (పిస్టన్ చుట్టూ ఉండి కింది నూనెను పైకి రానివ్వనివి) కంటే ముందు వాల్వ్ సీళ్ల మీద అనుమానం వస్తోంది. ఒకటి, పొగ పొద్దుట స్టార్టింగ్‌లోనే రావడం. రెండు, ఒక్క ప్లగ్గే తడవడం. సీళ్లు వాల్వ్ కాడ వెంట నూనె దిగకుండా ఆపే చిన్న రబ్బరు ముక్కలు, ఒక రోజు పని. బోర్ అంటే అరిగిన సిలిండర్‌ను లోపల చెక్కించి సాపు చేయించడం; దానికి ఇంజిన్ దింపాలి, లేత్‌కి పంపాలి, ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు కొనాలి. ఈ రెండు ఖర్చులకీ పొంతనే ఉండదు.

ముందు అది నిజంగా ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోండి. ఇంజిన్ చల్లారాక ప్లగ్గులు తీసి, ఏది ఏ సిలిండర్‌దో టేపు మీద 1, 2, 3 అని రాసి అంటించండి. కొసను తెల్లటి పాత బట్టతో తుడవండి. పొడిగా కాటుకలా అంటితే అది కార్బన్. చోక్ లాగి వదిలేసినా, కార్బురేటర్ పెట్రోలు ఎక్కువ ఇస్తున్నా అలా అవుతుంది. తడిగా ఉండి పెట్రోలు వాసన కొట్టి, పది నిమిషాలు గాలికి పెడితే ఆరిపోయిందంటే ఆ సిలిండర్లో స్పార్క్ పడటం లేదు, ప్లగ్గు వైరు చూపించండి. నల్లగా నిగనిగలాడుతూ వేలికి జిడ్డుగా అంటి, ఎంతసేపటికీ ఆరకపోతే అదే ఆయిల్.

తర్వాత మధ్య సిలిండర్ ప్లగ్గును శుభ్రం చేసి మొదటి దాంట్లో, మొదటి దాన్ని మధ్యలో పెట్టి ఓ వారం నడపండి. మళ్లీ మధ్యదే తడిస్తే లోపం ప్లగ్గులో లేదు, ఆ సిలిండర్లోకి నూనె వస్తోందన్నమాట.

ఇక వచ్చే దారి. పైనుంచి వస్తే వాల్వ్ సీళ్లు లేదా గైడ్లు (వాల్వ్ కాడ కదిలే గొట్టాలు), కిందనుంచి వస్తే పిస్టన్ రింగులు. ఇది చెప్పేది పొగ, అదీ ఎప్పుడు వస్తోందన్నది. రాత్రంతా బండి నిలబడి ఉన్నప్పుడు హెడ్‌లో, అంటే ఇంజిన్ పైభాగంలో, మిగిలిన నూనె, గట్టిపడిపోయిన సీలు పక్కనుంచి వాల్వ్ కాడ వెంట కిందికి దిగుతుంది. పొద్దున అదే కాలి, నీలం పొగ గుప్పున వచ్చి కాసేపట్లో ఆగిపోతుంది. రింగులు పోతే అలా ఆగదు. యాక్సిలరేటర్ తొక్కి బరువు లాగించినప్పుడల్లా పొగ వస్తూనే ఉంటుంది.

ఈసారి మారేడుమిల్లి వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డులో వెనక అద్దం గమనించండి. ఎక్కేటప్పుడు పొగ ఆగకుండా వస్తే రింగుల మీద అనుమానం పెంచుకోవాలి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి సెకండ్ గేరులో కొంతదూరం వచ్చి, మళ్లీ తొక్కగానే ఒక్కసారి నీలం పొగ లేస్తే సీళ్లు, గైడ్లే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాల్లో) వాక్యూమ్ బాగా పెరిగి ఆ సందుల్లోంచి నూనెను లాగుతుంది.

ఇంకొకటి ఇంటి ముందే చూడొచ్చు. ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి తిరగేసి అక్కడే పెట్టండి. కొద్దిగా వణికితే ఫర్వాలేదు. టపటపా ఎగురుతూ పక్కనుంచి పొగ కక్కుతుంటే, పిస్టన్ దగ్గర ఆగాల్సిన గ్యాసు కిందికి జారుతోందని అర్థం. ఆ నిర్ణయానికి వచ్చేముందు బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గ్యాసు బయటికి పోయే గొట్టం) విప్పి లోపల మడ్డి పేరుకుందేమో చూడండి. అది మూసుకుపోయినా లోపలి ఒత్తిడి పెరిగి నూనె ఎక్కడపడితే అక్కడికి తోసుకొస్తుంది. డిప్‌స్టిక్ మీద పై గీత దాటి ఆయిల్ పోసి ఉన్నా ఇబ్బందే.

అసలు తీర్పు చెప్పేది కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి ఎంత పుడుతోందో కొలవడం. గేజ్ ఉన్న గ్యారేజీకి వెళ్లి మీరు పక్కనే నిలబడండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, మూడు ప్లగ్గులూ తీసేయాలి, స్పార్క్ పడకుండా కాయిల్ వైరు ఎర్త్ చేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్ల మధ్య తేడా గేజ్ మీద ఒక కేజీకి (చదరపు సెంటీమీటరుకు) మించకూడదు. మధ్యది తక్కువ చూపిస్తే ఆ ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టించండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, లేదా బోర్ అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. మూడూ సమానంగా వచ్చి, పొద్దుటి పొగ మాత్రం ఉంటే సీళ్లు మార్పించండి. ఒక్క జాగ్రత్త: మూడో రింగు, అంటే ఆయిల్ రింగు, కార్బన్ పట్టి బిగుసుకున్నా కంప్రెషన్ బాగానే రావచ్చు. అందుకే గేజ్‌తో పాటు పొగ వచ్చే వేళను కూడా లెక్కలోకి తీసుకోమంటున్నాను.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మా ఇంట్లో పాత కారుకి ఏ టెస్టూ లేకుండానే బోర్ చేయించాం. బండి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున మళ్లీ అదే నీలం పొగ. హెడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అమ్మ గేటు దగ్గర నిలబడి ‘పోలేదేంట్రా’ అన్న మాట నాకింకా గుర్తుంది. చివరికి సీళ్లు మార్చాకే పొగ ఆగింది.

పని జరిగేదాకా ఒక మెట్టు వేడి ప్లగ్గు వేసుకోమని కొందరు చెబుతారు. కొస ఎక్కువ వేడెక్కి నూనెను కాల్చేస్తుంది కాబట్టి కొన్నాళ్లు గడుస్తుంది. అయితే ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో నంబరు తగ్గితే వేడి ప్లగ్గు, బాష్ కంపెనీ ప్లగ్గుల్లో నంబరు పెరిగితే వేడి ప్లగ్గు. ఇది తెలియక తిరగేసి కొంటే ప్లగ్గు ఇంకా త్వరగా తడుస్తుంది. సరైనదే వేసినా హైవే మీద గంటల తరబడి తోలకండి, పిస్టన్‌కి ప్రమాదం. నన్నడిగితే మామూలు ప్లగ్గులే పెట్రోలుతో కడిగి ఆరబెట్టి వాడుకోవడం మేలు. ఇనుప బ్రష్‌తో పింగాణీ భాగాన్ని గీకితే లోహపు గీతలు పడి కరెంటు అటే పారుతుంది.

ప్రశ్న: మాది ట్విన్ క్యామ్ పెట్రోలు కారు. కాయిల్ తీస్తే ప్లగ్గు గుంటలో నూనె నిండి ఉంది. ఇదీ రింగుల సమస్యేనా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: కాదమ్మా. ఆ నూనె ప్లగ్గు పైభాగంలో ఉంది, కొసకి కాదు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ప్లగ్గు గొట్టాల సీళ్లు గట్టిపడి కారుతోంది. రెండూ కలిపి మార్పించండి, లేకపోతే కాయిల్ రబ్బరు ఉబ్బి మిస్సింగ్ మొదలవుతుంది. ప్లగ్గు విప్పకముందే గుంటలో నూనెను సిరంజితోనో గుడ్డతోనో పూర్తిగా తీయించండి. లేదంటే అదంతా సిలిండర్లోకి దిగుతుంది.