నాన్న పుణెలో, బిడ్డ హనుమకొండలో: ఆగిన మనోవర్తిని రాబట్టేదెట్లా?

ప్రశ్న: మాది హనుమకొండ. భర్తతో పడక మా అమ్మవాళ్లింట్లో ఉంటున్నాను, టైలరింగ్ చేస్తాను. మా పాపకు తొమ్మిదేళ్లు. పాప పోషణకు నెలకు 8,000 రూపాయలు, ప్రతి నెలా పదో తారీఖులోపు ఇవ్వాలని ఇక్కడి ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ ఇచ్చింది. ఆయన కూడా వచ్చి వాదించుకున్నాడు. కొన్నాళ్లు బ్యాంకులో వేశాడు. పుణెలో ప్రైవేటు కంపెనీలో చేరాక ఆపేశాడు. ఇప్పటికి పద్నాలుగు నెలల బాకీ. అడిగితే "నేను మహారాష్ట్రలో ఉన్నా, మీ వరంగల్ కోర్టు నన్నేం చేస్తది?" అంటున్నాడు. ఆయన పేరు మీద పరకాల దగ్గర ఎకరం పొలం ఉంది. పాపను వదిలి పుణె కోర్టుల చుట్టూ తిరగలేను. ఏం చేయాలి మేడమ్?

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. రాష్ట్రం మారితే మన కోర్టు ఆర్డర్ చెల్లదన్నది ఆయన బెదిరింపే తప్ప చట్టం కాదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 128 సెక్షన్‌లోనూ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 147 సెక్షన్‌లోనూ ఒకటే మాట ఉంది: మనోవర్తి ఆర్డర్‌ను ఆ మనిషి ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేట్ కూడా అమలు చేయించవచ్చు. మనుషులు వాళ్లేనా, డబ్బు కట్టలేదా అన్న రెండూ చూసుకుంటే చాలు. కేసు మళ్లీ మొదటి నుంచి నడపనక్కర్లేదు.

నాకు ఆయన బెదిరింపు కన్నా మీ పద్నాలుగు నెలల లెక్కే ఎక్కువ భయం కలిగిస్తోంది. బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేస్తేనే ఆ నెల డబ్బుకు వసూలు వారెంట్ ఇస్తారు. మీ బాకీ మొత్తం 1,12,000 రూపాయలు. ఈరోజు వేస్తే పన్నెండు నెలలది, అంటే 96,000, ఈ దారిలో అడగొచ్చు. పాత రెండు నెలల 16,000 ఇప్పటికే గడువు దాటింది. ఇంకా ఆగితే ప్రతి పదో తారీఖుకు మరో 8,000 జారిపోతుంది. "వచ్చే నెల ఇస్తాడేమో" అని ఎదురుచూసి ఇలా నష్టపోయిన తల్లులను మన కోర్టులో చాలామందిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒకసారి గడువులో పిటిషన్ పడితే మాత్రం, ఆ తర్వాత పెరిగే బాకీని అందులోనే కలిపి అడగొచ్చని సుప్రీంకోర్టు 2005లో శాంత కేసులో చెప్పింది. పాత 16,000ను కూడా ఊరికే వదలకండి. మనోవర్తి ఆర్డర్‌ను సివిల్ కోర్టు డబ్బు డిక్రీ (డబ్బు కట్టమని ఇచ్చే తీర్పు) లాగా అమలు చేయించుకోవచ్చని 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు చెప్పింది. దాని ఆధారంగా ఆ మొత్తాన్ని విడిగా అడగమని మీ లాయర్‌కు చెప్పండి.

ఇక ఎక్కడ వేయాలి? ఆర్డర్ ఇచ్చిన హనుమకొండ కోర్టులోనే మొదలుపెట్టండి. ఇందుకు పెద్ద కారణం ఆ ఎకరం పొలం. బాకీని జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే రాబడతారు. అంటే కోర్టు జిల్లా కలెక్టర్‌కు వారెంట్ పంపి, భూమి శిస్తు బకాయిలాగా ఆ పొలం మీద నుంచి వసూలు చేయించవచ్చు. మనిషి పుణెలో ఉన్నా పొలం మన జిల్లాలోనే ఉంది కదా! తెలంగాణ భూమి రికార్డుల పోర్టల్ భూ భారతిలో సర్వే నంబరు చూసి, పట్టా ఆయన పేరునే ఉందో, తండ్రి పేరున ఉందో తెలుసుకోండి. తండ్రి పేరున ఉంటే ఈ దారి పనికిరాదు. ఆయన పేరునే ఉంటే ఆ వివరాలు పిటిషన్‌లో రాయించండి. జీతం కన్నా పొలం మీదకు నోటీసు వచ్చినప్పుడు ఊళ్లో పెద్దలే ఆయనకు ఫోన్ చేస్తారని నా అనుభవం.

వారెంట్ అమలు చేసిన తర్వాత కూడా కట్టకపోతే, తగిన కారణం చూపలేకపోతే, కట్టని ఒక్కో నెలకు నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకు పోయి వచ్చినంత మాత్రాన బాకీ మాఫీ కాదు. 1988లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది.

పుణెకు వెళ్లే అరెస్టు వారెంట్లు మాత్రం చాలాసార్లు "ఆచూకీ లేదు" అని తిరిగొస్తాయి. ఇంటి నంబరు, వీధి, దగ్గరి పోలీస్ స్టేషన్, కంపెనీ చిరునామా, డ్యూటీ టైమింగ్స్ అన్నీ రాసివ్వండి. అసలు కేసులో ఆయన వేసిన ఆస్తులు, అప్పుల అఫిడవిట్‌కు కాపీ పెట్టుకోండి, బ్యాంకు ఖాతా అందులోనే దొరకొచ్చు.

జీతం జప్తుకు మాత్రం పుణె కోర్టు అవసరమవుతుంది. మామూలు అప్పులకు జీతంలో చాలా భాగానికి రక్షణ ఉంటుంది. మనోవర్తికైతే మూడో వంతు మాత్రమే ఆయనకు వదిలి, మిగతా రెండు వంతుల వరకు పట్టుకోవచ్చు. ప్రైవేటు కంపెనీ జీతం కాబట్టి ఆర్డర్‌ను అమలు కోసం అక్కడికి బదిలీ చేయించాలి. అక్కడ లాయర్ ఫీజుకు భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, ఇక్కడైనా పుణెలోనైనా. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

రెండు జాగ్రత్తలు. నోటీసు అందగానే పెద్దమనుషుల పంచాయితీకి పిలుస్తారు. ఒకేసారి యాభై వేలు ఇస్తాం, ఇకపై ఏమీ అడగనని సంతకం పెట్టమంటారు. పెట్టకండి. ఆ డబ్బు పాప హక్కు, దాన్ని వదులుకునే అధికారం తల్లికి లేదు. కొంత ఇస్తే బ్యాంకు ద్వారానే తీసుకుని, అంత మేరకే లెక్కలో తగ్గించండి. "పాపను చూపిస్తేనే కడతా" అన్నా, చూపించడం వేరు, పోషణ వేరు. చూడాలనుకుంటే ఆయన విడిగా పిటిషన్ వేసుకోవచ్చు.

ఆర్డర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అది, బ్యాంకు స్టేట్‌మెంట్, నెలవారీ బాకీ లెక్క రాసిన కాగితం పట్టుకుని ఈ వారమే కోర్టుకు వెళ్లండి. వచ్చే పదో తారీఖు లోపల పిటిషన్‌కు నంబరు పడాలి.